రెక్క మీద చెయ్యి

కల్‌మన్, అలబామా
ఫిబ్రవరి 1994

ఒపల్ అత్తకి,

నేనేం చేసినా మా ఇంట్లో వాళ్ళు దానికి ముందే ఒక అర్థం తయారుచేసి పెట్టుకుంటారు. నన్ను అడిగే పని లేదు.

బుధవారం చర్చిలో భోజనాల దగ్గర నేను వేపిన చికెన్ పళ్ళెం పట్టుకుని అమ్మ వెనకే నిలబడి ఉన్నాను. అమ్మ పాస్టరుగారి భార్యతో అంటోంది: "ఆ వెండెల్‌తో పెళ్ళి తప్పిపోయిన దగ్గర్నుంచీ గ్యారేజీలో కూర్చుని చెక్కలు రుద్దుకుంటోందండీ పిచ్చిది. రుద్దుకోనీ అని ఊరుకున్నాం. మనసు కుదుటపడాలి కదా."

అమ్మ వెనక్కి తిరిగి నా మోచెయ్యి నిమిరింది. జ్వరం వచ్చిన పిల్లని నిమిరినట్టు.

అత్తా, వెండెల్‌ని వద్దన్నది నేను. ఆ సంగతి అమ్మకి తెలుసు. అయినా కూతురు వద్దంది అని చెప్పుకోవడం కంటే కూతురు కుమిలిపోతోంది అని చెప్పుకోవడమే ఆవిడకి సుఖంగా ఉంది. నేను కుమలడం లేదు. విమానం కడుతున్నాను.

ఏ విమానమో నీకు చెప్పాలి. నాన్న గీసిన విప్పర్‌విల్, పిట్ట పేరు పెట్టిన ఆ రిమోటు విమానం. నేను పుట్టిన ఏడు దాని నమూనా పత్రికలో అచ్చయింది కదా, అదే. నాన్న కట్టిన మొదటిది పత్తి చేలో ముక్కుతో దిగబడిపోయింది. ఆ ముక్కలు ఇప్పటికీ అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. టీవీలు బాగుచేసుకునే మనిషి అంత అందమైన గీత ఎక్కడ నేర్చాడో నాకు అంతుపట్టదు. రెక్క వెనక్కి వాలి ఉంటుంది, తోక సన్నగా సాగుతుంది. నేల విడవగానే మూడు చక్రాలూ పొట్టలోకి ముడుచుకుంటే ఇక గాలికి అడ్డంపడేది ఏమీ ఉండదు.

రెక్క పక్కటెముకలన్నీ కోసేశాను. బాల్సా చెక్క బ్రెడ్డు ముక్కలా తెగుతుంది. కానీ ఒక్కటి వంకరగా అతికిందంటే విమానం జన్మంతా పక్కకి లాగుతూనే ఉంటుంది. పైన అంటించే ప్లాస్టిక్ కాగితం వద్దనుకున్నాను. పాతకాలం పద్ధతిలో పట్టుబట్ట పరిచి, మీద బట్టని బిగదీసే డోపు వార్నిషు పూస్తాను. డోపు వాసనకి అమ్మ కిటికీలన్నీ తెరిచి, "ఈ ఇంట్లో దీపం వెలిగిస్తే అందరం పరలోకానికే" అంటోంది.

నాన్న పాత కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంటాడు. చేతుల వణుకు ఎక్కువైంది. కత్తి పట్టుకోడు, కాఫీ కప్పు కూడా సగమే పోయించుకుంటాడు. కళ్ళు మాత్రం అవే కళ్ళు. "ఆ నాలుగోది చూడు, కాస్త లేచింది" అంటాడు గది ఆ చివర నుంచి. కొలిచి చూస్తే లేచే ఉంటుంది. ఈ ఇంట్లో నేను పక్కనుంటే విసుక్కోని మనిషి, నా మీద జాలిపడని మనిషి ఆయనొక్కడే.

సెప్టెంబరులో బ్రషీ క్రీక్ మైదానంలో పాత నమూనాల పోటీ ఉంది. అప్పటికి దీన్ని గాలిలో చూడాలి.

ఫోన్ చెయ్యకు. అది వంటింటి గోడకుంది, వంటింటికి చెవులెక్కువ. ఉత్తరమే రాయి.

డార్లా

*

డులూత్, మిన్నెసోటా
మార్చి

ఏమే డార్లా,

మీ అమ్మ సంగతి ఇవాళ కొత్తగా తెలిసిందా నీకు? నేను స్కూలు బస్సు నడిపే ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఇలాగే ఊరంతా చెప్పింది, "మా ఆడపడుచుకి పిల్లల్లేరు కదండీ, అందుకని" అని. నాకు బస్సంటే ఇష్టమే తల్లీ అంటే నమ్మలేదు. ముప్పై ఏళ్ళు నడిపాను. ఇప్పటికీ నమ్మదు.

ఇక్కడ సరస్సు గడ్డకట్టి అలాగే ఉంది. పక్కింటి ముసలాయన మంచుకి బొక్క కొట్టి చేపలు పడుతున్నాడు. నా చేత తినిపించాలని పట్టుబడుతున్నాడు, చేపలే సుమా, ఇంకేమీ ఊహించుకోకు.

విమానం గురించి రాసింది రెండుసార్లు చదివాను. మా తమ్ముడు గీసిన గీతని నువ్వు నిలబెడుతున్నావంటే నాకు గర్వంగానే ఉంది. ఒక్క మాట చెబుతాను, కోప్పడకు. ఆ ముడిచే చక్రాల పని మాత్రం మీ అన్నయ్య రాయిస్‌కి వదిలిపెట్టు. అన్నీ నువ్వే చెయ్యాలని ఏముంది? వాడికీ ఓ చెయ్యి తగలనీ. నాన్న సంతోషిస్తాడు. ఇల్లంటే నలుగురూ కదా.

బాగా తిను. డోపు వాసన పీల్చి పీల్చి అన్నం సహించడం లేదంటే మాత్రం వచ్చి తంతాను.

మీ ఒపల్ అత్త

*

కల్‌మన్
ఏప్రిల్

అత్తా,

నా ఉత్తరంలో చక్రాల పని ఎవరు చెయ్యాలన్న మాట ఎక్కడుంది? రాయిస్ పేరే నేను ఎత్తలేదు. ఇంట్లో కూడా అప్పటికి ఎవరూ ఎత్తలేదు. మొన్న ఆదివారం ఎత్తారు. నువ్వు మార్చిలోనే రాశావు.

నీకెవరు చెప్పారు?

ఆదివారం ఏం జరిగిందో రాస్తాను, నీకు తెలియని ముక్క ఏదైనా ఉంటే ఇందులో చూసుకో.

అన్నయ్య బర్మింగ్‌హామ్ నుంచి వచ్చాడు. అమ్మ హామ్ వండింది, అరటిపండు పుడ్డింగ్ చేసింది. వాడు రెండోసారి వడ్డించుకుంటూ, ఉప్పు అందుకున్నంత తేలిగ్గా అన్నాడు: "ఏయ్ పొట్టీ, ఆ చక్రాలు బిగించకు. నాకోసం ఉంచు."

"ఎందుకు?"

"ఎందుకేమిటే? రేపు బ్రషీ క్రీక్‌లో రెక్క మీద చెయ్యేసి ఆ మాట అనాలిగా నేను. ఒక్క మేకైనా కొట్టకపోతే నోరెలా వస్తుంది?"

అక్కడి ఆనవాయితీ నీకు తెలిసే ఉంటుంది. కొనుక్కొచ్చిన విమానాలతో గెలిచేవాళ్ళు ఎక్కువయ్యారని, పాత రోజుల్లోలాగే కట్టినవాడే ఎగరెయ్యాలని పట్టుబట్టారు. సంతకాలూ అవీ ఏం లేవు. పిలవగానే ముందుకొచ్చి, రెక్క మీద చెయ్యి పెట్టి, అందరికీ వినపడేలా "నేనే కట్టాను" అనాలి. ఆ తర్వాతే ఇంజను తిప్పనిస్తారు. మనవాళ్ళు చర్చిలో కూడా ఇంత నిష్ఠగా నిలబడరు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన మొక్కజొన్న రొట్టె తుంచుకుంటున్నాడు.

"రాయిస్ ఎగరేస్తాడమ్మా. నువ్వు కాలర్‌వి" అన్నాడు. అందులో చర్చించడానికి ఏముందన్నట్టు.

కాలర్ అంటే ఎగరేసేవాడి వెనక నిలబడి గాలి ఎటుంది, తర్వాతి ఫీటు ఏది, ఎప్పుడు తిప్పాలి అని చెవిలో చెప్పే మనిషి. రాయిస్‌కి తొమ్మిదేళ్ళప్పుడు నాన్న రిమోటు పెట్టె చేతికిచ్చాడు. నాకు తొమ్మిదేళ్ళొచ్చాక తన వెనక నిలబెట్టుకుని ఫీట్ల వరస బట్టీ పట్టించాడు. ఇద్దరికీ నేర్పాననే ఆయన లెక్క. చొక్కాకి కాలర్ ఎలాగో నేనూ అలాగే, మెడ వెనకే ఉండాలి, మాసిపోతే తప్ప ఎవరూ చూడరు.

"నేను కట్టింది అన్నయ్య ఎగరేస్తాడా?" అన్నాను.

"గీసింది నేను" అన్నాడు నాన్న.

అమ్మ వెంటనే పుడ్డింగ్ గిన్నె మా మధ్యకి తోసి, "దీనికి మనసింకా కుదుటపడలేదు" అంది.

నా ప్రశ్నకి జవాబు రాయి అత్తా. చేపల సంగతి తర్వాత.

డార్లా

*

డులూత్
మే

డార్లా,

బస్సు నడిపేటప్పుడు వెనక సీట్లో ఏం జరుగుతోందో అద్దంలో చూసేదాన్ని. ఉత్తరాల్లో నన్ను చూసే అద్దం నీ దగ్గరుందని తెలీలేదు.

మీ నాన్న జనవరిలోనే ఫోన్ చేశాడు. "డార్లా నీ మాట వింటుంది అక్కా. టైమొచ్చినప్పుడు మెల్లగా చెప్పు" అన్నాడు. సరే అన్నాను. టైము రాకముందే చెప్పేశాను, అదీ నా తెలివి.

వాడిని నేనేం వెనకేసుకురావడం లేదు. వాడన్న మాట అన్నట్టుగా రాస్తాను. "నా చేతులు పోయాయి అక్కా. విప్పర్‌విల్ మళ్ళీ గాలిలోకి లేస్తే ఆ పెట్టె మీద నా కొడుకు చేతులుండాలి, వెనక నా కూతురి గొంతుండాలి. ఇద్దరూ కలిస్తే నేనున్నట్టే." అంటూ ఏడ్చాడే. వాడు ఏడవగా నేను విన్నది మా అమ్మ పోయినప్పుడే.

మరి పిల్లకి ఎగరెయ్యాలని ఉంటే, అని అడిగాను. "ఎప్పుడైనా ఆ మాట అందా?" అన్నాడు.

నువ్వే చెప్పు. అన్నావా?

మీ ఒపల్

*

కల్‌మన్
జూన్

అత్తా,

లేదు, అనలేదు. రాయిస్ అన్నాడా? తొమ్మిదేళ్ళ రాయిస్ వెళ్ళి "నాన్నా, నాకు ఎగరెయ్యాలని ఉంది" అని దండం పెట్టి అడిగాడా? చేతిలో పెట్టారు, వాడు పట్టుకున్నాడు. నేను మాత్రం నోరు తెరిచి అడగాలి, అడిగి నిరూపించుకోవాలి, ఆ తర్వాత వాళ్ళు కూర్చుని ఆలోచిస్తారు. ఈ న్యాయం ఎక్కడిది?

నేను నీకూ చెప్పని సంగతి ఒకటుంది. కాలేజీలో నాలుగేళ్ళూ ఎగరేశాను. అక్కడి క్లబ్బులో నా కెమిస్ట్రీ పుస్తకాలకంటే ఎక్కువ అరిగింది రిమోటు పెట్టే. తలకిందులుగా నడిపాను, నేలకి మోకాలెత్తులో నడిపాను. పగలగొట్టాను, మళ్ళీ కట్టాను. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చెబుదామని నోటి దాకా వచ్చేది. నాన్న అప్పటికే రాయిస్ గెలిచిన కప్పు తుడుస్తూ, "పద, అన్నయ్యకి గాలి చెబుదువుగాని" అనేవాడు. ఆ మాటలో ఎంత ముద్దుండేదో, దాన్ని కాదనడానికి నాకు నోరొచ్చేది కాదు.

నీ ఉత్తరం చదివాక వెళ్ళి చెప్పాను. గ్యారేజీలో నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ, "నాన్నా, దీన్ని నేను ఎగరేస్తాను. నాకొచ్చు" అన్నాను.

ఆయన రెక్క అంచుని వేలితో తడిమాడు. "కాలేజీలో ఆడుకోవడం వేరు తల్లీ, పోటీ వేరు" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. వణుకుతున్న చెయ్యి. దాన్ని తోసెయ్యలేకపోయాను, అదీ నా ఒంటికి మంటే.

ఇక చక్రాలు. మిగతా మోటార్లన్నీ రిమోటు పెట్టె మీది పుల్లని ఎంత జరిపితే అంత కదిలి ఆగుతాయి. చక్రాలని ముడిచే మోటారు అలా కాదు, ఈ కొస నుంచి ఆ కొసకి పోవాల్సిందే, మధ్యలో ఆగడం దానికి రాదు. చక్రం కొసలో గట్టిగా గాట్లో పడితేనే దానికి విశ్రాంతి. మోటారునీ చక్రాన్నీ కలిపే కమ్మీ వెంట్రుకవాసి పొడుగైనా చక్రం గాట్లో పడదు, మోటారు గింజుకుంటూనే ఉంటుంది. అలా గింజుకుంటూ తాగేది తోకనీ రెక్కనీ కదిలించే బ్యాటరీనే. అన్నయ్య ఒక మధ్యాహ్నం వచ్చి, ఐస్ టీ తాగుతూ, రేడియోలో ఆట వింటూ కమ్మీ కోసి బిగించి పోయాడు. వాడు కొన్న విమానాలే ఎగరేస్తాడు. చక్రాల కమ్మీ కొయ్యడం వాడికి అదే మొదలు.

మోటారు కూనిరాగం తీస్తోంది. చెవి పెట్టి విన్నాను. నాన్నకి వినిపించాను.

"మేజా మీద బాగానే పడుతున్నాయిగా" అన్నాడు.

"మేజా మీద గాలి తొయ్యదు నాన్నా. పైన తోస్తుంది. కమ్మీ పొడుగైంది."

"వాడికి తెలుసులే. వాడి పని వాడిని చెయ్యనీ."

రాయిస్‌కి ఫోన్ చేశాను. "ఏంటే, నేను చేసిన ఒక్క పనీ మళ్ళీ చేసేస్తావా? అప్పుడు నేనేం అనాలి అక్కడ?" అన్నాడు. నవ్వుతూనే.

జూలైలో మొదటిసారి ఎగరేస్తారట. నేను వెనక నిలబడాలట.

డార్లా

*

కల్‌మన్
జూలై

అత్తా,

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

శనివారం మన క్లబ్బు మైదానానికి వెళ్ళాం. కంచెకి ఆనుకుని పదిమంది చేరారు. అన్నయ్య పెట్టె మెళ్ళో వేసుకున్నాడు, నేను వాడి కుడి భుజం వెనక నిలబడ్డాను. నాన్న కొంచెం దూరంలో కుర్చీలో.

లేచింది అత్తా. ఆకుపచ్చ గడ్డి మీద పరుగెత్తి, నేలని వదిలింది కూడా తెలీకుండా లేచింది. చక్రాలు లోపలికి పోయాయి. ఆ పట్టు మీద ఎండ పడి పక్కటెముకలన్నీ ఒక్కొక్కటే కనిపించాయి, నేను కోసినవి. ఒక రోల్, ఒక లూప్. ఎటూ లాగలేదు. తిన్నగా, దారం కట్టినట్టు పోయింది. ఆ కాసేపూ నాకు ఎవరి మీదా కోపం లేదు, నిజం చెబుతున్నాను.

దింపుదామని చక్రాల మీట వేశాడు. కుడిది వచ్చింది, ముందుది వచ్చింది. ఎడమది సగంలో ఆగింది.

"ఎడమది గాట్లో పడలేదు. మీట పైకి వేసి వదిలెయ్. పొట్ట మీద దింపు" అన్నాను.

వాడు మీట కిందికేశాడు, పైకేశాడు, మళ్ళీ కిందికి.

"అన్నయ్యా, ఆపు! బ్యాటరీ తాగేస్తోంది. ఇప్పుడే దింపు."

"ఉండవే! ఇంకొక్క చుట్టు!"

తోక మొద్దుబారడం నాకు కింది నుంచే కనిపించింది. తిప్పితే ఆలస్యంగా తిరుగుతోంది. వాడికీ తెలిసింది. "నాన్నా, ఏం చెయ్యను?" అని అరిచాడు. అరిచి, మెళ్ళోంచి పెట్టె తీసి నా చేతుల్లోకి తోసేశాడు. "నువ్వు చూడు! నువ్వే చూడు!"

మీట పైకి వేశాను. ఇంజను తగ్గించాను. కంచె అవతల గడ్డి ఎత్తుగా ఉన్న వైపుకి తిప్పి, దానంతట అదే వాలేలా పొట్ట మీద పడుకోబెట్టాను. పంకా విరిగింది, పొట్ట కింద పట్టు చిరిగింది. అంతే.

జనం పరుగెత్తుకొచ్చారు. టీవీ షాపు రోజుల్నుంచీ నాన్నకి తెలిసిన ఆయన, "హార్లన్, భలే దింపారయ్యా! ఎవరు దింపింది? పొద్దు కంట్లో పడి చూళ్ళేదు" అన్నాడు.

నాన్న కుర్చీలోంచి లేచాడు. అంతా చూశాడు అత్తా. ఆయన కళ్ళ సంగతి నీకు తెలుసు.

"మా రాయిస్" అన్నాడు. "చెయ్యి తిరిగినవాడు మరి."

పెట్టె ఇంకా నా చేతుల్లోనే ఉంది. ఆయన అటు చూసి, "డార్లా, అన్నయ్య పెట్టె అన్నయ్యకివ్వమ్మా" అన్నాడు. రాయిస్ వెళ్ళి కోకాకోలా డబ్బా తెరుచుకున్నాడు. వాడు నోరు విప్పితే ఒక్క ముక్క చాలు. విప్పలేదు.

ఇంటికొచ్చే దారంతా కారులో నాన్న చక్రాల గురించి మాట్లాడాడు. "కమ్మీ కాస్త పొడుగైందేమో, చూసి సరిచెయ్యి. రాయిస్‌తో అనకు, బాధపడతాడు."

ఇప్పుడు చెప్పు, నేను ఎప్పుడైనా అన్నానా అని మళ్ళీ అడుగు నన్ను.

డార్లా

*

డులూత్
ఆగస్టు

డార్లా,

నీ ఉత్తరం అందిన రోజే వాడికి ఫోన్ చేశాను. "నువ్వు చూశావా లేదా?" అన్నాను.

"చూశాను" అన్నాడు.

"మరెందుకలా అన్నావు?"

"అంతమంది ముందు నా కొడుకు భయపడి పెట్టె చెల్లెలి చేతిలో పారేశాడని చెప్పమంటావా?"

"చెల్లెలు దింపిందని చెబితే సరిపోయేది."

"డార్లాకి పట్టింపుల్లేవు అక్కా. అది అర్థం చేసుకుంటుంది."

అప్పుడు నేనన్న మాటలు కాగితం మీద పెట్టను. పోస్టుమాన్ బాప్టిస్టు భక్తుడు, బూతులు పడవు. ఫోన్ పెట్టేశాను. అరవయ్యేడేళ్ళలో వాడి మీద ఫోన్ పెట్టెయ్యడం ఇదే మొదలు.

మెల్లగా చెప్పమన్న పని నేను మానేశాను. ఇకపై నీకు నేనేమీ చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. వాడి చేతులు వచ్చే ఏడాదికి ఇంకా పాడవుతాయట, నడక కూడా. ఏం చెయ్యదలుచుకున్నా వాడి మొహం మీదే చెప్పి చెయ్యి. వెనకనుంచి వద్దు.

ఒపల్

*

కల్‌మన్
సెప్టెంబరు

అత్తా,

మొహం మీదే చెప్పాను.

పొట్ట కింద పట్టు తీసేసి కొత్తది పరిచాను. రాయిస్ పెట్టిన కమ్మీ, దాని బిగింపులు, అన్నీ ఊడదీసి నావి పెట్టాను. ఇప్పుడు మోటారు పని ముగించి నోరు మూసుకుంటుంది. వాడి చెయ్యి తగిలిన ముక్క ఆ విమానంలో ఒక్కటి లేదు. పొద్దున్నే ఒంటరిగా మైదానానికి తీసుకెళ్ళి నేనే ఎగరేశాను, చాలాసార్లు. చక్రాలు వచ్చాయి, పోయాయి, వచ్చాయి.

నిన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అన్నయ్య కూడా ఉన్నాడు, కావాలనే వాడు వచ్చేదాకా ఆగాను.

"పోటీకి నా పేరు ఇచ్చాను" అన్నాను.

అమ్మ నాన్న వైపు చూసింది. రాయిస్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏంటే పొట్టీ, దీనికింత రాద్ధాంతమా? 'నేనే కట్టాను' అని ఒక్క మాట. నేను అనేస్తే ఎవడు పట్టించుకుంటాడు?"

"నేను పట్టించుకుంటాను. అక్కడ నిలబడి నువ్వా మాటంటే, కట్టింది నేను అని కంచె దగ్గర్నుంచి అందరికీ వినపడేలా అంటాను. నాకు గొంతుంది. పదిహేనేళ్ళుగా మీరే సాధన చేయించారు."

వాడి నవ్వు పోయింది. ప్లేటు వైపు చూస్తూ, "నిజానికి నాకు ఆ రోజు చచ్చేంత భయమేసింది నాన్నా" అన్నాడు. ఆ మాట జూలైలో అనుంటే ఎంత బావుండేదో. ఇప్పుడంటే దాన్ని నేనేం చేసుకోను? అయినా అన్నాడు, రాస్తున్నాను.

నాన్న చెంచా కింద పెట్టాడు. గిన్నె అంచుకి తగిలి అది కొంచెంసేపు టకటకలాడింది.

"ఇది నా విమానం డార్లా. నేను గీశాను. నేను బతికుండగా దీన్ని ఎవరు ఎగరెయ్యాలో నేను చెప్పకూడదా?"

"నీ గీత నాన్నా. ఆ మాట అక్కడ అందరికీ చెబుతాను, నీ పేరే ముందు చెబుతాను. విమానం మాత్రం నాది."

"నేను రాను" అన్నాడు.

"సరే" అన్నాను.

అమ్మ ఏడుపు గొంతుతో, "నీకేమైందే? ముందిలా లేవే నువ్వు" అంది. ముందూ ఇలాగే ఉన్నానమ్మా అన్నాను. వినలేదనుకుంటాను, అప్పటికే కుళాయి తిప్పేసింది.

ఆయన వస్తాడేమో, రాడేమో. వస్తే కుర్చీ వేస్తాను. అంతమంది ముందు ఆయన ఏమన్నా ఈసారి నేను పెట్టె ఎవరికీ ఇవ్వను. వెనక నిలబడే మనిషిని కూడా ఎవరినీ అడగలేదు. ఫీట్ల వరస నాకు నోటికొచ్చు.

డెకేటర్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఒక గది తీసుకున్నాను. మంచం చిన్నది, మేజా పెద్దది.

గురువారం విమానాన్ని నా కారులో పెట్టుకుని బ్రషీ క్రీక్ వెళ్తున్నాను. శనివారం నేనే ఎగరేస్తాను. ఆ తర్వాత అది ఈ గ్యారేజీకి రాదు, నాతో డెకేటర్ వస్తుంది.

డార్లా